పదిహేడు ముడుపులు, రెండు సీట్లు

ఎడపల్లి దాటి కాలువ వెంట లోపలికి వెళ్తే చెరుకు తోటల మధ్య మా ఊరు. బస్సు రోజుకు రెండుసార్లు వస్తుంది, వాన పడితే అదీ రాదు. పదమూడేళ్లపాటు మాకు బస్సూ, పెళ్లి బండీ, దవాఖాన బండీ అన్నీ ఒకటే. రాజలింగన్న తెల్ల ఓమ్ని వ్యాను.

రాజలింగన్నకు మొన్న అరవై ఒకటి నిండాయి. బోధన్ ఫ్యాక్టరీ గొట్టంలోంచి పొగ వచ్చిన రోజుల్లో చెరుకు ట్రాక్టరు నడిపేవాడు. ఫ్యాక్టరీ ఆగిపోయాక రెండెకరాల పసుపు, ఒక బర్రె, ఈ వ్యాను. మనిషి పొట్టి, మాట తక్కువ. పసిపిల్లలున్న ఇంటి ముందు హారన్ కొట్టేవాడు కాదు, దిగి వెళ్లి తలుపు దగ్గర మెల్లగా పిలిచేవాడు. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పడానికి పోయే ఆడవాళ్ల గంపలను తానే ఎత్తి లోపల పెట్టేవాడు. వాంతులయ్యే వాళ్ల కోసం స్టీరింగ్ పక్కన ఎప్పుడూ రెండు నిమ్మకాయలు ఉండేవి. దవాఖానకు పోయేవాళ్లు కిరాయి ఎంత అని అడిగితే, "ముందు మంచిగై రాండ్రి, సూద్దాం" అనేవాడు. వాళ్లు మంచిగై వచ్చాక ఆయన చూసినట్టు నాకు జ్ఞాపకం లేదు.

గుంతల్లో వ్యాను ఊగితే వెనక కూర్చున్న ముసలివాళ్లు ఒకరి మీద ఒకరు పడుతున్నారని, బోధన్‌లో వెల్డింగ్ చేయించి పైకప్పు కింద అడ్డంగా ఒక ఇనుప కడ్డీ పెట్టించాడు. పట్టుకోవడానికి పెట్టించిన కడ్డీ అది. దానికి మొదటి ముడుపు కట్టింది నాగవ్వ.

పదకొండేళ్ల కిందటి మాట. నాగవ్వ బిడ్డ నిఖితకు కాన్పు కష్టమై, మిట్టమధ్యాహ్నం నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోతున్నారు. సారంగాపూర్ హనుమాన్ గుడి కమాను దగ్గరికి వచ్చేసరికి నిఖిత కళ్లు తేలేసింది. నాగవ్వ పంటితో కొంగు చింపి, అందులో రూపాయి బిళ్ల పెట్టి ముడి బిగించి, ఎదురుగా కనిపించిన కడ్డీకి కట్టేసింది. బిడ్డా, బిడ్డ కడుపులోని బిడ్డా క్షేమంగా ఇల్లు చేరితే ఊరి నుంచి గుడి దాకా నడిచి వస్తానని మొక్కుకుంది. హనుమంతుడు విన్నాడు. నిఖిత ఇప్పుడు ఆర్మూర్‌లో ఉంది. ఆమె కూతురు ఆరో తరగతి చదువుతోంది.

ఆ తర్వాత ఆ కడ్డీకి ముడుపు కడితే గండం గడుస్తుందని మా ఊళ్లో నమ్మకం కుదిరింది. గుండెనొప్పి వచ్చిన వాళ్ల తరఫున ఒకటి, బావిలో పడ్డవాడి తరఫున ఒకటి. నా చెల్లెలికి పాము కరిచిన రోజు నా దస్తీ చింపి నేనూ ఒకటి కట్టాను. అలా పదిహేడు అయ్యాయి. అందరం ఒకేసారి వ్యానులో వెళ్లి చెల్లించి వద్దామని ఏటా అనుకునేవాళ్లం. ఒకరికి వరికోత, ఒకరికి పసుపు తవ్వకం, ఒకరికి మైల. దేవుడు కనుక ఊరుకున్నాడు. నాగవ్వకు మాత్రం వేరే చిక్కు వచ్చింది. నడిచి వస్తానన్న మనిషికి మోకాళ్లు పట్టేశాయి. గుడి మా ఊరికి పద్నాలుగు కిలోమీటర్లు.

రాజలింగన్నకు కూడా ఒక కోరిక ఉందని అప్పట్లో మాలో ఎవరికీ తెలియదు, ఆయన భార్య సాయవ్వకు తప్ప.

ఇరవై రెండేళ్ల వయసులో ఆయన నిజాంసాగర్ చూడటానికి పోయాడట. కట్ట మీద ఒక రెండు సీట్ల ఎర్ర కారు, పైకప్పు లేనిది, టైరు పంక్చరై ఆగి ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాం ఏం చేయాలో తోచక నిలబడ్డారు. ఈయన టైరు మార్చాడు. ఆ పెద్దమనిషి డబ్బులిస్తే వద్దన్నాడు. "అయితే ఏం గావాలె?" అని అడిగితే, "జెర నడపనిస్తరా?" అన్నాడట. కట్ట ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఒక పక్క నీళ్లు, నెత్తి మీద ఆకాశం. ఆ సంగతి చెప్పేటప్పుడు రాజలింగన్న గుడి ముందు చెప్పులు విప్పినవాడిలా మెల్లగా మాట్లాడతాడు.

"పెండ్లయిన ఏడే చెప్పిండు, గసుంటి కారుల నిన్ను కట్ట మీద తిప్పుత అని," అంటుంది సాయవ్వ. "సరే తియ్ అన్న. నలభై ఏండ్ల సంది అంటనే ఉన్న."

పోయిన ఏడు పసుపుకు మంచి ధర పలికింది. వ్యాను దగ్గుతోంది. ఊళ్లో నాలుగు కార్లు వచ్చాయి, ఫోన్ చేస్తే నూట ఎనిమిది బండి ఇరవై నిమిషాల్లో వచ్చి నిలబడుతోంది. కొడుకు భానుప్రసాద్ నిజామాబాద్‌లో మందుల దుకాణం నడుపుతాడు. "బాపూ, వ్యాను ఇచ్చేసి నీకు నచ్చింది తెచ్చుకో" అన్నాడు. నాలుగు తలుపుల చిన్న కారు తెచ్చుకుంటాడని పాపం అతని ఉద్దేశం.

కార్తీకం మొదట్లో నిజామాబాద్ బైపాస్ రోడ్డులో పాత కార్లు అమ్మే సురేందర్ దగ్గరికి వెళ్లాం. తోడు రమ్మంటే నేనూ పోయాను. సురేందర్ వరుసగా తెల్ల కార్లు చూపించాడు. రాజలింగన్న ప్రతిదానికీ తల ఊపుతూ గోడ మూలకు పోయి, అక్కడ టార్పాలిన్ కప్పిన దాన్ని ఎత్తి చూశాడు. రెండు తలుపులు, రెండు సీట్లు. సిందూరం రంగు. ఒకప్పుడు గోవా వైపు కొద్ది సంఖ్యలో తయారైన రకమట. నాందేడ్ డాక్టరు ఒకాయన ఇరవై ఏళ్లు పిల్లను చూసుకున్నట్టు చూసుకుని అమ్మేశాడట.

"కాకా, గది నీకు పనికి రాదు," అన్నాడు సురేందర్. "ఇద్దరే కూసుంటరు. డిక్కీల యూరియా బస్తా గూడ పట్టదు."

"పైకప్పు ఊడొస్తదా?"

"వస్తది."

"అయితే ఊడదియ్."

వ్యాను అక్కడే ఇచ్చేశాడు. పైన ఇవ్వాల్సింది ఇచ్చాడు. కారు కాగితాలకు ఎనిమిది రోజులు పడుతుందన్నారు. వ్యానులోంచి హనుమంతుడి పటం తీసుకున్నాడు. అద్దానికి వేలాడే రుద్రాక్షలు, రోగుల కోసం ఉంచిన దుప్పటి, సాయవ్వ నీళ్ల సీసా, ఆఖరికి ఆ రెండు నిమ్మకాయలు కూడా సంచిలో వేసుకున్నాడు. స్టీరింగ్‌కు మొక్కాడు. కడ్డీ వైపు చూడలేదు. పదకొండేళ్లుగా కళ్ల ముందున్న దాన్ని కళ్లు చూడటం మానేస్తాయి. పక్కనే ఉన్న నేనూ చూడలేదు, నాది కూడా ఒకటి దానికి ఉన్నా.

తొమ్మిదో రోజు కారు ఊళ్లోకి వచ్చింది. సగం ఊరు రాజలింగన్న వాకిట్లోనే ఉంది. అందరికన్నా ముందు మాట్లాడింది ఆయన మేనబావ పోశయ్య.

"బావా, మంచిగుంది. మిగిలిన సగం ఎప్పుడొస్తది?"

"ఇంతే బావా."

"పైన కప్పు గూడ లేదు. ఆన వస్తే గొడుగు పట్టేటోన్ని వాళ్లే ఇస్తరా, మనమే పెట్టుకోవాలెనా?"

అందరూ నవ్వారు. రాజలింగన్న కూడా నవ్వాడు. సాయవ్వ హారతి పళ్లెంతో వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. కారు ఎంత కిందికి ఉందంటే, వంగినా ఆమె కొప్పు కారు కన్నా ఎత్తుగానే ఉంది. కొబ్బరికాయ కొట్టారు. రాజలింగన్న అవతలి తలుపు తెరిచి పట్టుకున్నాడు. పట్టుచీర కట్టుకున్న సాయవ్వ సిగ్గుపడుతూ ఒక కాలు లోపల పెట్టింది.

అప్పుడే నాగవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి కారు లోపలికి తొంగి చూసింది. ముందు చూసింది, వెనక చూసింది. వెనక ఏమీ లేదు.

"కొడుకా, కడ్డీ ఏది? నా ముడుపేది?"

రాజలింగన్న చెయ్యి తలుపు మీదనే ఉండిపోయింది. ఆయన ముఖం చూస్తే నాకు భయమేసింది.

సాయవ్వ లోపల పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. కోపంగా కాదు. గుళ్లో నుంచి వెనక్కి నడిచినట్టు మెల్లగా.

"పదిహేడు మంది మొక్కులు ఇచ్చేసి తెచ్చుకున్న బండిల నేను కూసోను," అంది. "గవి దేవునికి చేరినంకనే ఎక్కుత. అప్పటిదాక నన్ను అడుగకు."

ఆయన నలభై ఏళ్లు ఎదురుచూసింది ఆ సీట్లో ఆమెను కూర్చోబెట్టడానికే. ఆ సంగతి సాయవ్వకూ తెలుసు. అందుకే ఆ మాట అనేశాక కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే నేనూ ఆయనా బయలుదేరాం. దారి పొడవునా ఆయన ఒక్కటే మాట అన్నాడు.

"తమ్మీ, నా సొమ్మయితే పోనీ అనుకుందును."

సురేందర్ మా మాట విని తల పట్టుకున్నాడు. వ్యాను నాలుగు రోజుల కిందటే పోయింది. ఇందల్వాయిలో టిఫిన్ బండి నడిపే రాజేష్ అనే అతను కొన్నాడు. సీట్లు తీయించి లోపల పొయ్యి పెట్టుకుంటానన్నాడట.

"గా గుడ్డ ముడులు చూసిన కాకా, పిల్లలు ఆడుకోను కట్టిండ్రు అనుకున్న," అన్నాడు సురేందర్. ఫోన్ చేశాడు, అవతల ఎత్తలేదు. పొద్దుటి పూట టిఫిన్ బండి వాళ్లకు ఫోన్ ఎత్తడానికి చేతులెక్కడివి? మాకు చాయ్ తాగించి, కాగితం మీద ఇల్లు ఎక్కడో గీసిచ్చాడు. చివరికి బయటి దాకా వచ్చి, "దొరకకపోతే నాకు ఫోన్ చెయ్యి, నేను గూడ వచ్చి దేవులాడుత" అన్నాడు.

పెద్ద రోడ్డు మీద కారు సర్రున పోయింది. ఇందల్వాయి ఊళ్లోకి తిరిగాక దారి మీద సగం మేర వడ్లు ఎండబోశారు. మా ముందు పోయిన కార్లు వడ్ల మీద నుంచే పోయాయి. మా కారు పొట్ట నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. పోతే వడ్లన్నీ ఊడ్చుకుపోతుంది. రాజలింగన్న ఆపేశాడు. అవతలి సగంలో లోడు ట్రాక్టరు చెడిపోయి నిలబడి ఉంది.

అంత తొందరలో ఉన్న మనిషి దిగి, గట్టు మీద కూర్చున్న ముసలమ్మ దగ్గరికి వెళ్లాడు. "అవ్వా, జెర జరుపుకుంట పోత, మళ్ల నెరిపి పోత" అన్నాడు. ఆమె తన చెక్క పార ఒకటి ఆయనకిచ్చి, ఇంకోటి తాను పట్టుకుంది. నేను చేతులతోనే తోశాను. కారు దాటాక మళ్లీ వడ్లు నెరిపి, అంచున రాళ్లు పేర్చి వచ్చేసరికి అరగంట పట్టింది. ముసలమ్మ కారును చుట్టి చూసి, "ఇన్ని కార్లు పోతయ్, ఆపినోళ్లు లేరు. నీ పని అయితది పో కొడుకా" అంది.

రాజేష్ ఇంటి ముందు వ్యాను ఉంది. లోపల బోసిగా ఉంది. సీట్లు లేవు. పైకప్పు కింద అటూ ఇటూ కడ్డీ కోసిన చోట ఇనుము తెల్లగా మెరుస్తోంది. రాజలింగన్న ఆ రెండు మచ్చలను వేలితో తాకి చూశాడు.

రాజేష్ గిన్నెలు కడుగుతున్నాడు. పాతికేళ్లవాడు, మర్యాదస్తుడు. సంగతి విని లేచి నిలబడ్డాడు.

"అయ్యో కాకా. సీట్లు, ఇనుము అంత మొన్ననే పాత సామాన్లాయనకు ఏసేసిన. ఆయన ఈడికెల్లి ఎటు పోయిండో."

రాజలింగన్న అరుగు మీద కూర్చున్నాడు. తలకు చుట్టుకున్న తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నేను లోలోపల హనుమంతుడిని తలుచుకున్నాను. అప్పుడు లోపలి నుంచి రాజేష్ భార్య సుమలత పిండి చేతులతో బయటికి వచ్చింది.

"ముడుపుల కోసమా కాకా?"

ఆయన తలెత్తాడు.

"అవి ఇనుము కింద ఇయ్యనిస్తనా? ఎవలు ఏడ్సుకుంట కట్టిన్రో ఏమో. లోపల్కి రాండ్రి."

లోపలి గదిలో దేవుడి పటాల కింద రెండు మేకులు. వాటి మీద కడ్డీ. కడ్డీకి పదిహేడు ముడులూ ఉన్నాయి. నాగవ్వ ఆకుపచ్చ కొంగు ముక్క, నా గళ్ల దస్తీ, అన్నీ. ముందు దీపం వెలుగుతోంది.

"ఎవలన్న వస్తరని చూస్తున్న. రోజు దీపం పెడుతున్న," అంది సుమలత.

"నాకు చెప్పకపోతివి?" అన్నాడు రాజేష్.

"నువ్వు అడిగితివా? రంపం పట్టుకొని కోస్తనే ఉంటివి. గా ముక్క పక్కకు పెట్టు అన్న, పెట్టినవ్. ఎందుకు అని అడిగినవా? రోజు గీ దీపం ముందలికెల్లే తిరుగుతవ్, చూసినవా?"

రాజలింగన్న ఆ పటాలకు మొక్కి, ఆమెకూ మొక్కబోయాడు. ఆ పిల్ల గాభరాపడి పక్కకు జరిగింది. "నా బాపు లెక్కున్నవ్, నువ్వు మొక్కుడేంది" అని ఇడ్లీలు పెట్టింది. పైసలిస్తే తీసుకోలేదు.

నాలుగడుగుల కడ్డీ రెండు సీట్ల కారులో ఎలా పట్టాలి? పైకప్పు తీసేశాం. నేను కడ్డీని మోకాళ్ల మధ్య నిలబెట్టి రెండు చేతులతో పట్టుకున్నాను. పదిహేడు గుడ్డ ముక్కలూ నెత్తి మీద గాలికి కొట్టుకుంటున్నాయి. లారీల వాళ్లు జాతర బండి అనుకుని చేతులెత్తి మొక్కారు. వడ్ల దగ్గర ముసలమ్మ మమ్మల్ని చూడగానే పార అందుకుంది.

ఊళ్లో ఆ సాయంత్రం మళ్లీ అందరూ కూడారు. పోశయ్య మంచి ఆలోచనే చెప్పాడు. డీసీఎం వ్యాను మాట్లాడుకుని అందరూ ఒక్కసారే పోయి మొక్కులు తీర్చుకుంటే ఒక పూటలో అయిపోతుంది.

రాజలింగన్న ఒప్పుకోలేదు. "తప్పు నాది. నేనే తీస్కపోత. నా బండిల ఒక్కలకే జాగ ఉంది, ఒక్కొక్కలనే తీస్కపోత. మంగళారం ఒకల్లు, శనివారం ఒకల్లు."

"పదిహేడు మందినా? సంకురాత్రి దాటుతది."

"దాటనియ్."

దాటింది. మంగళవారం, శనివారం తెల్లారగానే కారు తుడిచి, స్నానం చేసి, ఆ రోజు ఎవరి వంతో వాళ్ల ఇంటి ముందుకు వెళ్లి ఎప్పటిలాగే హారన్ కొట్టకుండా దిగి పిలిచేవాడు. బీడీలు చుట్టే భూమవ్వ నెత్తికి తువ్వాల గట్టిగా బిగించి, "విమానం గిట్లనే ఉంటదా?" అని అడిగింది. "దానికి కప్పు ఉంటదవ్వా" అన్నాడట. రెండేళ్ల కిందట గుండెపోటు నుంచి బయటపడ్డ పోశయ్య, కారు వచ్చినప్పటి నుంచి దాని మీద పరాచికాలు తప్ప మాట్లాడని మనిషి, తన వంతు రోజు దారిలో నోరు తెరవలేదు. తిరిగి వచ్చాక కళ్లు ఎర్రగా ఉంటే, గాలికి అలా అయ్యాయన్నాడు. నా వంతు రోజు నా చెల్లెలి పేరు చెప్పి ఆయనే అర్చన చేయించాడు. నేను అడగలేదు.

ఒక ముడుపు ఎవరిదో తేలలేదు. నీలం గుడ్డ, లోపల రూపాయి. ఊరంతా అడిగాడు. దారిలో ఎక్కించుకున్న పరాయి ఊరి మనిషిది కావచ్చు. ఆ శనివారం పక్క సీటు ఖాళీగా ఉంచి, దాని మీద ఆ ముడుపు పెట్టుకుని వెళ్లాడు. పేరూ గోత్రం ఏమిటని అయ్యవారు అడిగితే, "స్వామికి ఎరుకే" అన్నాడట.

ఈ రోజులన్నీ సాయవ్వ ఆ కారు అద్దాలు తుడిచేది, సీటు మీద దుమ్ము దులిపేది. ఎక్కేది కాదు.

చివరికి మిగిలింది నాగవ్వ. మొదట కట్టినదాన్ని ఆఖరున విప్పుతానని ఆమే పట్టుబట్టింది. తీరా తన వంతు వచ్చేసరికి మంచం దిగలేదు.

"నడుసుకుంట వస్త అని మొక్కిన కొడుకా. కారుల పోతే స్వామికి అబద్ధం చెప్పినట్టయితది. మోకాళ్లు సూస్తే గిట్లున్నయ్. నేనెట్ల జేద్దు?"

కమాను దగ్గర దిగి నడిస్తే చాలని ఎవరో అన్నారు. ఆమె వినలేదు. రాజలింగన్న రెండు రోజులు పసుపు ఉడకబెట్టుకుంటూ ఆలోచించాడు. మూడో రోజు వచ్చి ఆమె మంచం పక్కన కూర్చున్నాడు.

"అవ్వా, ఒక్కనాడే నడుస్త అని మొక్కినవా?"

నాగవ్వ కళ్లు మూసుకుంది. ముడుపు కట్టిన ఆ మధ్యాహ్నమంతా మళ్లీ జ్ఞాపకం చేసుకుంటోందని ముఖం చూస్తే తెలిసింది.

"లేదు కొడుకా. నడుసుకుంట వస్త అన్న. ఎన్ని రోజులకు అని స్వామి అడుగలే, నేను చెప్పలే."

"అయితే శనివారం పొద్దుగాల తయారుండు."

మొదటి శనివారం నాగవ్వ తన గడప దగ్గర నుంచి కర్ర పొడుచుకుంటూ నడిచింది. వెనకాల పది గజాల దూరంలో సిందూరం రంగు కారు, పైకప్పు తీసి, చీమ నడిచినట్టు. కాలువ మలుపు దాటాక ఆమె ఇక చాలంది. రాజలింగన్న దిగి, జేబులోంచి సిందూరం డబ్బీ తీసి, అక్కడున్న కిలోమీటరు రాయికి బొట్టు పెట్టాడు. ఆమెను కారులో కూర్చోబెట్టి ఇంటికి తెచ్చాడు. తర్వాతి శనివారం అదే రాయి దగ్గర దింపాడు. ఆమె రాయికి మొక్కి అక్కడి నుంచి నడిచింది.

అలా తొమ్మిది శనివారాలు. మెల్లగా నడిపితే ఆ కారు ఇంజన్ వేడెక్కేది. ఆపి, మూత తెరిచి చల్లారనిచ్చేవాడు. ఆ కాసేపు నాగవ్వ కూడా గట్టు మీద కూర్చునేది.

"నీ కారుకు గూడ మోకాళ్ల నొప్పులే ఉన్నట్టున్నయ్ కొడుకా."

"నీ ఈడుదే అవ్వా."

చెరుకు ట్రాక్టర్ల వాళ్లు వెనక వరుసగా ఆగేవాళ్లు. మొదటి వారం హారన్లు కొట్టారు. మూడో వారానికి విషయం తెలిసి, పక్క నుంచి దాటుతూ నాగవ్వకు ఒక చెరుకు గడ ఇచ్చి పోయేవాళ్లు. ఒక శనివారం బోధన్ కాలేజీ పిల్లలు ఇద్దరు మోటారు సైకిల్ మీద కారు పక్కకు వచ్చారు.

"తాతా, గసుంటి బండి పెట్టుకొని గిట్ల నడుపుతున్నవేంది? రేసు ఎప్పుడు మొదలైతది?"

"నడుస్తున్నది బిడ్డా," అన్నాడు రాజలింగన్న. "అవ్వ ముందుంది."

తొమ్మిదో శనివారం సాయవ్వా నేనూ బస్సులో ముందే వెళ్లి కమాను దగ్గర నిలబడ్డాం. ఆర్మూర్ నుంచి నిఖిత, ఆమె కూతురు వచ్చారు. దూరంగా ముందు నాగవ్వ, వెనక కారు కనిపించాయి. మనవరాలు ఎదురు పరిగెత్తి అమ్మమ్మ చెయ్యి పట్టుకోబోయింది. నాగవ్వ వద్దంది. "నా కాళ్లతోనే రానియ్ బిడ్డా. నీ కోసమే మొక్కింది" అని, ఆ మిగిలిన దూరం ఒక్కతే నడిచింది.

గుళ్లో కడ్డీ మీద మిగిలిన ఆ ఒక్క ముడి తానే విప్పింది. ఆకుపచ్చ రంగు వెలిసి బూడిద రంగులోకి వచ్చింది. లోపలి రూపాయి నల్లబడింది. కొంగుతో తుడిచి హుండీలో వేసింది. వట్టి కడ్డీని రాజలింగన్న గుడి వాళ్లకే ఇచ్చేశాడు. వరుసలో నిలబడే ముసలివాళ్లు పట్టుకోవడానికి గోడకు బిగిస్తామన్నారు.

బయటికి వచ్చాక ఆయన కారు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కమని మాత్రం అనలేదు. అడగవద్దని ఆమె చెప్పింది కదా.

సాయవ్వ కొంగు నెత్తి మీదికి లాక్కుని కూర్చుంది. సీటు అంత కిందికి ఉంటుందని తెలియక ఒక్కసారి జారినట్టై, "ఏందిది, మడుగుల దిగినట్టున్నది" అంది.

"కట్టకు పోదామా?" అన్నాడాయన.

"నిజాంసాగరా? ఇప్పుడు పోతే తిరిగి వచ్చేసరికి పొద్దుగూకదా? బర్రెను ఎవలు పిండాలె?"

"నేను పిండుత," అంది నాగవ్వ గుడి మెట్టు మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటూ. "మోకాళ్లే గదా నొస్తున్నయ్, చేతులు మంచిగనే ఉన్నయ్. పోండ్రి."

కారు కమాను దాటింది. ఇన్ని వారాలు చీమలా నడిచిన బండి రోడ్డెక్కగానే గొంతు సవరించుకున్నట్టు ఒక్క చప్పుడు చేసి ముందుకు దూకింది. సాయవ్వ రెండు చేతులతో నెత్తి మీద కొంగు పట్టుకుని ఉంది. మలుపు దగ్గర గాలికి కొంగు జారిపోయి వెనక రెపరెపలాడింది. ఆమె దాన్ని మళ్లీ సర్దుకోలేదు.

మేము బస్సులో ఊరికి వచ్చాం. ఆ సాయంత్రం రాజలింగన్న బర్రె పాలు నాగవ్వే పిండింది. కాచి, తోడు కూడా వేసి పెట్టింది.